సముద్రం దాటి వచ్చిన పాట: ఫీబా రేడియో, వినేవాళ్ళ చరిత్ర

మన దగ్గర రేడియో చరిత్ర రాసినవాళ్ళంతా స్టూడియోలో కూర్చునే రాశారు. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు, 1935లో హైదరాబాదు దక్కన్ రేడియో, 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం అంటూ ఒక వరస అప్పజెప్పారు. మొదట ఎవరు పాడారు, ఎవరు మాట్లాడారు అన్నది అందులో ఉంటుంది. రేడియో పెట్టెకి ఇవతల వైపు ఎవరు కూర్చున్నారు, ఎవర్ని కూర్చోనివ్వలేదు అన్నది ఉండదు.

క్రైస్తవ రేడియో సంగతి మరీ విచిత్రం. మిషన్ వాళ్ళు రాస్తే అది దేవుడి కార్యం. గిట్టనివాళ్ళు రాస్తే విదేశీ డబ్బుతో నడిచే మతమార్పిడి యంత్రం. ఒకరి లెక్కలో వినేవాడు రక్షింపబడ్డవాడు, ఇంకొకరి లెక్కలో మోసపోయినవాడు. రెండు లెక్కల్లోనూ వాడికి సొంత బుర్ర లేదు. హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవి నుంచి 1970 మొదలుకుని 2003 దాకా నడిచిన ఫీబా రేడియో కేంద్రాన్ని మేం పల్లె వైపు నుంచి చూడదలిచాం. పల్లె అంటే ఇక్కడ మాలపల్లె, మాదిగపల్లె అనే అర్థం.

ఆకాశానికీ కాపలా

తెలుగు పాట వెయ్యడానికి స్టేషను సీషెల్స్ దీవుల్లో ఎందుకు పెట్టాల్సి వచ్చింది? జవాబు 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టంలో ఉంది. తీగల మీద కబురు పంపే కాలంలో తెల్లవాళ్ళు చేసుకున్న ఆ చట్టమే గాలిలో పోయే మాటని కూడా సర్కారు సొత్తు చేసింది. తెల్లవాళ్ళ హయాంలో ఒకటి రెండు మినహాయింపులు దొరికాయి. 1928లో లాహోర్ వై.ఎం.సి.ఏ. ఒక చిన్న స్టేషను పెట్టుకుంది. 1930ల నడుమ అలహాబాదులో మిషన్ వాళ్ళ వ్యవసాయ విద్యాలయం రైతుల కోసం ఒక ప్రసార కేంద్రం నడిపింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కాస్త సందు కూడా మిగల్లేదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పడానికి 1995 దాకా ఆగాల్సొచ్చింది.

సర్కారు రేడియో ఏది పాట అనుకుందో కూడా చూడాలి. 1940 మార్చి నుంచి ఆకాశవాణిలో హార్మోనియం నిషిద్ధం. మన సంగీతంలోని గమకాలు దాని మెట్ల మీద పలకవని పండితులు తేల్చారు. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు, అదీ కొంత మేరకే. పల్లెలో గుడికి హార్మోనియం, డోలక్, తాళాలు ప్రాణం. హార్మోనియం పెట్టె ముందు కూర్చుని నాలుగు మెట్లు నేర్చినవాడు పల్లెకంతటికీ సంగీతం మేష్టారు. ముప్పై ఏళ్ళ పాటు మన పాటకి తోడైన వాయిద్యమే స్టూడియో గడప తొక్కలేకపోతే, మన పాట సంగతి చెప్పేదేముంది?

1952 నుంచి పదేళ్ళు ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి పీట వేశాడు, పాడేవాళ్ళకి ఆడిషన్లు పెట్టించాడు, సినిమా పాటని తగ్గించాడు. సినిమా పాట కావాల్సినవాళ్ళు రేడియో సిలోన్ పట్టుకున్నారు. 1957లో వివిధభారతి పెట్టి సర్కారు వాళ్ళని వెనక్కి పిలుచుకుంది. పల్లె పాట కోసం అలా ఎవరూ కంగారు పడలేదు. గుర్రం జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేసిన మాట నిజమే. మహాకవి అయ్యాక ఒక్కడికి తలుపు తెరుచుకుంది. ఆయన తల్లి పుట్టిన మాదిగపల్లె భజన బృందం ఆడిషన్ బల్ల ముందు నిలబడి నెగ్గటం వేరే సంగతి.

పగడపు దిబ్బ మీద స్తంభాలు

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1948లో, అమెరికన్ మిషనరీలు మనీలాలో ఒక క్రైస్తవ రేడియో మొదలుపెట్టారు. దానికి తోడుగా ఇంగ్లండులో 1959లో ఏర్పడ్డ సంస్థ ఫీబా. వాళ్ళకి ఇండియాకీ, అరబ్బు దేశాలకీ, తూర్పు ఆఫ్రికాకీ ఒకేచోటి నుంచి వినిపించే స్థలం కావాల్సి వచ్చింది. అప్పటికి బ్రిటిషు వలసగా ఉన్న సీషెల్స్‌లో మాహే దీవి దొరికింది. 1970లో ప్రసారాలు మొదలయ్యాయి. దీవి మీద నేల తక్కువ, కొండలెక్కువ. అందుకని ఒడ్డుకి దగ్గర్లో సముద్రంలోని పగడపు దిబ్బ మీదే ఏరియల్ స్తంభాలు నిలబెట్టారు. చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు విద్యుత్తుని బాగా మోస్తాయి కాబట్టి తరంగం బలంగా లేచేది. 1976లో సీషెల్స్‌కి స్వాతంత్ర్యం వచ్చింది, 1977లో తిరుగుబాటు జరిగి ప్రభుత్వం మారింది. రేడియో మాత్రం ఆగలేదు.

షార్ట్‌వేవ్ పనిచేసే తీరు కూడా తెలుసుకోవాలి. తరంగం పైకి పోయి, వాతావరణంలో చాలా ఎత్తున ఉండే అయాన్ల పొరకి తగిలి, వందల వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. ఆ పొర పగలొక రకంగా, రాత్రొక రకంగా ఉంటుంది, ఋతువుని బట్టి మారుతుంది. అందుకే స్టేషను దొరికే చోటు ముల్లు మీద మారుతూ ఉండేది. పాట మధ్యలో తేలి వచ్చేది, మునిగిపోయేది. ఇండియాలో రికార్డు చేసిన టేపులు దీవికి పంపేవాళ్ళు. బెంగుళూరు ఫీబా స్టూడియోలో పాడిన తెలుగు గొంతు సముద్రం దాటి మాహే చేరి, అక్కణ్ణుంచి మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి ప్రయాణం చేసి ఒంగోలు పక్కన ఒక పల్లెలో దిగేది. పక్క జిల్లా పాట పక్క జిల్లాకి చేరడానికి ఇంత దూరం! పెద్ద బావి పక్కనే ఉండగా మైలు దూరం పోయి చెలమ తోడుకున్న జాతికి ఇది కొత్తేమీ కాదు.

ఫీబా ఒక్కటే అనుకోకూడదు. 1970ల చివరి నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో శ్రీలంకలోని పుత్తళం నుంచి 400 కిలోవాట్ల మీడియం వేవ్ ప్రసారాలు చేసింది. మనవాళ్ళు దాన్ని ‘విశ్వవాణి’ అన్నారు. రాత్రిపూట మామూలు రేడియోలో కూడా అది దొరికేది. ఆ పెద్ద గొంతు పక్కన ఫీబాది చిన్న గొంతు, వెతుక్కుంటే దొరికే గొంతు.

వినేవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?

రేడియో వచ్చి పల్లెని క్రైస్తవం చేసిందనేవాళ్ళకి తేదీలు గుర్తుచెయ్యాలి. తాళ్ళకొండపాడుకి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా నడిచాడు. అంతకుముందే ఆయన యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చినవాడు. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మాహే దీవిలో స్తంభం లేవడానికి ఇంకా తొంభై రెండేళ్ళుంది. రేడియోకి పల్లెలో చెవి అప్పటికే సిద్ధంగా ఉంది.

అయితే పల్లె పాడే పాటల పుస్తకం ఎవరిది? తెలుగు క్రైస్తవ కీర్తనల్లో తొలి పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి (1803-1890), బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. చదువు రాని కూలి మనిషికి ఆ అచ్చు ఎందుకు పనికొస్తుంది? పాస్టరో, బైబిలు స్త్రీయో నోటితో నేర్పితేనే పాట వచ్చేది. ఈ మధ్యవర్తి అక్కర్లేకుండా చేసింది రేడియో. మా అమ్మకి సంతకం కూడా రాదు. ఆమెకి వచ్చిన పాటల్లో సగం పైగా రేడియో దగ్గర నేర్చినవే. ఒకసారికి పల్లవి, మళ్ళీ వేసినప్పుడు ఒక చరణం. మధ్యలో గరగర వచ్చి పోయిన చరణాన్ని నాట్లేసే దగ్గర ఆడవాళ్ళు తలా ఒక మాట కలిపి పూర్తి చేసేవాళ్ళు. ఆ కలిపిన మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. పుస్తకంలో ఉన్న రాగమూ వాళ్ళు ఉంచలేదు, నాటు వరసకి లాక్కున్నారు. వినడమంటే ఊరికే నోరు తెరుచుకుని కూర్చోడం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకొక మాట. మిషన్లు తమలో తాము జిల్లాలు పంచుకున్నాయి. అందువల్ల గుంటూరు లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు అయ్యారు. గుడి వేరు, పాటల కూటమి వేరు. రేడియో తరంగానికి ఈ సరిహద్దు లేదు. ఒకే సాయంత్రం ఒకే పాట రెండు పల్లెల్లోనూ వినబడింది. అంతమాత్రాన పల్లెల మధ్య గోడ కూలిందా? కూలలేదు. పెళ్ళిళ్ళు కలవలేదు, సమాధుల దొడ్లు కలవలేదు. పాట కలిపిన చోట మనుషులు ఎందుకు కలవలేదన్నది మిషన్ల మీద వేసి తప్పించుకునే ప్రశ్న కాదు, మనం మనల్ని వేసుకోవాల్సిన ప్రశ్న.

మా నాయన చిన్నతనంలో ఊళ్ళో పంచాయితీ రేడియో ఊరి అరుగు మీద ఉండేది. పల్లె పిల్లలు రోడ్డు అంచున నిలబడి వినాలి. అరుగెక్కితే తిట్లు. అందుకే ఆయన కూలి డబ్బు కూడబెట్టి సొంతంగా ట్రాన్సిస్టర్ కొన్నాడు. మా ఇంట్లో రేడియో సరదా వస్తువు కాదు, అరుగుకి చెప్పిన జవాబు.

ఉత్తరం రాయనివాళ్ళు

క్రైస్తవ రేడియోలు శ్రోతల్ని ఉత్తరాలతో లెక్కపెట్టాయి. ఎన్ని ఉత్తరాలొస్తే అంతమంది వింటున్నట్టు. చదువు రానివాళ్ళు ఈ లెక్కలో మొదటే పోయారు. చదువొచ్చి కూడా రాయనివాళ్ళు మరికొందరున్నారు. వాళ్ళ సంగతి తెలియాలంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చూడాలి. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని అందులోని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుణ్ణి చేర్చలేదు. క్రైస్తవుడని రాయించుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో బి.సి. ‘సి’ గ్రూపులో ఒక్క శాతమే గతి. ఊరు మాత్రం వాణ్ణి ఏ మతంలో ఉన్నా అంటరానివాడిగానే చూసింది.

మేం చదువుకునే రోజుల్లో రేడియోకి ఉత్తరం రాస్తామంటే మా నాయన వద్దన్నాడు. పేరు, ఊరు, పోస్టు రాసి క్రైస్తవ రేడియోకి పంపితే, రేపు సర్టిఫికెట్ దగ్గర ఎవడైనా దాన్ని చూపిస్తాడేమోనని ఆయన భయం. మా సర్టిఫికెట్లో ‘హిందూ మాదిగ’ అని ఉంది. ఆ కాగితం మీదే మా స్కాలర్‌షిప్పు, ఆ కాగితం మీదే మా ఇంట్లో మొదటి డిగ్రీ. సాయంత్రం పాట వినపడేది, పొద్దున ఆ పాట విన్నట్టు ఎక్కడా రాత ఉండకూడదు. ఇది ఒక్క మా ఇంటి భయం కాదని మా చదువుతోటివాళ్ళందరికీ తెలుసు. కాబట్టి ఉత్తరాల సంచిని శ్రోతల చరిత్ర అనుకుంటే, చట్టం నోరు మూయించిన వాళ్ళంతా చరిత్రలోంచి కూడా పోతారు.

ఇప్పుడు చేయాల్సింది

1980ల నుంచి క్యాసెట్టు వచ్చింది, తర్వాత టి.వి., ఆ తర్వాత సెల్‌ఫోను. షార్ట్‌వేవ్ వినేవాళ్ళు తగ్గారు. 2003లో సీషెల్స్ కేంద్రం ప్రసారాలు ఆగిపోయాయి. ఈలోగా ఇక్కడ ఆకాశం తలుపు కాస్త తెరుచుకుంది, అది కూడా డబ్బున్నవాడికి ముందు. 2005 నాటి ఎఫ్.ఎం. విధానం మత సంస్థలతో సంబంధమున్న కంపెనీలకి లైసెన్సు లేదంది. మెదక్ జిల్లా మాచునూరులో దళిత స్త్రీల సంఘాలు 1998కే స్టూడియో సిద్ధం చేసుకున్నా, సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ తమ యాసలో, తమ విత్తనాల గురించి, తమ పాటల గురించి సొంత గడ్డ మీంచి మాట్లాడారు. మాహే దీవి నుంచి మాచునూరు దాకా వచ్చిన దారి మన చరిత్రే. మొదటి చోట పాట మనది, స్టేషను వాళ్ళది. రెండో చోట రెండూ మనవి.

ఫీబా మనకి మేలు చేసిందా, కీడు చేసిందా అని తీర్పు చెప్పడం మా పని కాదు. సొంత దేశం చోటివ్వని పాటకి ఒక పరాయి దీవి చోటిచ్చింది. ఆ పాటని పల్లె తన వరసలోకి మార్చుకుంది. ఈ రెండో సగం ఇంకా ఎవరూ రాయలేదు. అది కాగితాల్లో దొరకదు. నాట్ల దగ్గర చరణాలు కలిపిన ఆడవాళ్ళు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటుతున్నారు. ఇది చదివే విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు తమ పల్లెల్లో వాళ్ళ దగ్గర కూర్చుని ఆ పాటలు, ఆ కలిపిన మాటలు రికార్డు చెయ్యాలి. పేరు వెయ్యొద్దన్నవాళ్ళ పేరు వెయ్యొద్దు. పాట మాత్రం వదలొద్దు. మేం మా అమ్మతో మొదలుపెట్టాం.