నహపాణుడి చెంప మీద శాతకర్ణి ముద్ర

గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ జోగల్‌తంబి అంటే ఒక బిట్టు. ఆ బిట్టు వెనకున్న వెండి నాణేన్ని ఇవాళ కాస్త తిప్పి చూద్దాం.

1906లో నాసిక్ దగ్గర ఆ ఊళ్లో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. శక క్షత్రపుడు నహపాణుడివి. ఒకవైపు రాజు తల, చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండోవైపు బాణం, పిడుగు, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపుల్లో పేరు. వీటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కరిగించలేదు. పాత రాజు మొహం మీదే కొండ గుర్తు, తన పేరు, వెనక ఉజ్జయిని గుర్తు. చాలావాటిలో కింద నహపాణుడి ముక్కో జుట్టో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

"విదేశీయుణ్ణి తరిమిన మన రాజు" అని దీన్ని చెప్తుంటారు. 2017లో సినిమా కూడా వచ్చింది. సరే, తరిమాడు. మారిందేమిటి?

నహపాణుడి అల్లుడు ఉషవదత్తుడు గోవర్ధనంలోని సాలెల శ్రేణి దగ్గర 2000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి ఉంచాడు. ఆ వడ్డీతో గుహలో ఉండే 20 మంది భిక్షువులకు బట్టల కోసం తలకు 12 ఇవ్వాలి. లెక్క వేయండి, ఏడాదికి 240, చిల్లర మిగలదు. ఆ 240 మగ్గం గుంటలోంచి రావాల్సిందే, నాణెం మీద ఎవరి బొమ్మ ఉన్నా. ఈ "విదేశీయుడే" బ్రాహ్మణులకు మూడు లక్షల ఆవుల్ని దానమిచ్చాననీ, ఏటా లక్షమందికి భోజనం పెడుతున్నాననీ చెక్కించుకున్నాడు. ఇందులో పరాయితనం ఎక్కడుందో నాకైతే కనిపించదు.

ఇక గెలిచినాయన. మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్‌లో వేయించిన శాసనం ఆయన్ని ఏకబ్రాహ్మణుడంది, క్షత్రియుల గర్వం అణచినవాడంది, నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడంది. బిరుదులుగా బట్టీ పట్టిస్తారు. సంకరం ఆపడమంటే ఎవరు ఎవరిని పెళ్లాడాలో రాజ్యం కాపలా కాయడమని ఏ క్లాసులోనూ చెప్పరు. మన వాడ కుర్రాడు ప్రేమించి పెళ్లాడితే కత్తి తీసేవాడికి ఈ బిరుదు బాగా అర్థమవుతుంది. ఇంకో సంగతి. ఆపానని గొప్పగా చెప్పుకున్నారంటే అది జరుగుతూనే ఉందన్నమాట. పైగా ఈ పొగడ్తంతా చెక్కింది బౌద్ధ భిక్షువులకిచ్చిన గుహ గోడ మీద!

మరి రాజుగారి ఇంట్లో? ఆ తర్వాత వచ్చిన వాసిష్ఠీపుత్ర శాతకర్ణి భార్య శక మహాక్షత్రపుడి కూతురని కన్హేరి శాసనం చెప్తోంది. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడని చరిత్రకారుల మాట. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా దగ్గరి చుట్టరికం వల్ల నాశనం చేయకుండా వదిలేశానని రుద్రదాముడే జునాగఢ్ రాతి మీద రాయించుకున్నాడు.