పాత బ్రౌజర్‌ను ఆఫీసులు ఎందుకు వదలడం లేదు? అసలు చిక్కు ఇదే!

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న గుడ్‌బై చెప్పేసింది. అయినా కొన్ని ఆఫీసుల్లో దాని అవసరం మాత్రం తీరలేదు. ఉద్యోగుల బద్ధకం అనుకుంటే పొరపాటే.

కారణం ఏంటంటే..: 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 హవా నడిచిన రోజుల్లో చాలా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్లను దానికి తగ్గట్టే రాయించుకున్నాయి. వాటిలో వాడిన యాక్టివ్‌ఎక్స్ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయదు. బ్రౌజర్ మార్చాలంటే సాఫ్ట్‌వేర్ కూడా తిరగరాయించాలి. దానికి ఖర్చు, పైగా పని ఆగిపోతుందన్న భయం.

దేశమే ఇరుక్కుంది: దక్షిణ కొరియాలో ఆన్‌లైన్ బ్యాంకింగ్ ఏళ్ల తరబడి యాక్టివ్‌ఎక్స్ మీదే నడిచింది. దాంతో జనం ఇష్టం లేకపోయినా ఎక్స్‌ప్లోరర్‌నే వాడాల్సి వచ్చింది.

ఇళ్లలో ఇంకో కథ: ఇక్కడ సమస్య పాత కంప్యూటర్. విండోస్ 7, 8.1లలో పనిచేసే చివరి క్రోమ్ వెర్షన్ 109. 2023లో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ, ఆపై వెర్షన్ గానీ ఉండాల్సిందే.

ముప్పు ఏంటి?: సపోర్ట్ ఆగిపోయాక బయటపడే భద్రతా లోపాలకు సాధారణంగా అప్‌డేట్లు రావు. హ్యాకర్లకు అది తెరిచిన తలుపే.

ఏం చేయాలి?: ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం తప్పదనుకుంటే ఎడ్జ్‌లోని ‘ఐఈ మోడ్’ వాడొచ్చు. దీన్ని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. బ్యాంకు లావాదేవీలు, పాస్‌వర్డ్‌ల పనులు మాత్రం పాత బ్రౌజర్‌లో అస్సలు వద్దు.