గుండె గడియారాన్ని వేసవి సెలవుల్లో పట్టుకున్న కుర్రాడు

గుండె జబ్బుల మీద రీసెర్చ్ చెయ్యమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ డిగ్రీ పిల్లలకి సమ్మర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మన ఐసీఎంఆర్ కూడా ఎంబీబీఎస్ వాళ్లకి రెండు నెలల ప్రాజెక్టులు ఇస్తుంది. "రెండు నెలల్లో ఏం పొడుస్తారు?" అనేవాళ్లకి ఈ కథ చెప్తాను.

1906 వేసవి. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతం, బ్రెడ్గర్ అనే పల్లె. అనాటమీ పండితుడు ఆర్థర్ కీత్ ఇంట్లో, మార్టిన్ ఫ్లాక్ అనే మెడికల్ స్టూడెంట్ మైక్రోస్కోప్ కింద జంతువుల గుండెలు చూస్తున్నాడు. ఒకరోజు కీత్ దంపతులు సైకిళ్ల మీద షికారుకెళ్లి వచ్చేసరికి, ఫ్లాక్ సంబరంగా ఎదురొచ్చాడు. నేలలో బొరియలు తవ్వే మోల్ అనే చిన్న జంతువు గుండెలో, కుడి పై గదిలోకి పెద్ద సిర వచ్చి కలిసేచోట, ఒక వింత కణజాలం కనిపించింది.

అదే సైనో ఏట్రియల్ నోడ్. గుండె ప్రతిసారీ కొట్టుకోవడానికి సిగ్నల్ మొదలయ్యేది అక్కడే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో సిస్టమ్ క్లాక్. 1907లో పేపర్ ఇద్దరి పేర్లతో వచ్చింది. ఆ క్లాక్ పని చెయ్యనప్పుడు పెట్టే పేస్‌మేకర్‌ని మనిషి ఒంట్లో మొదటిసారి అమర్చింది 1958లో, స్వీడన్‌లో.

ఫ్లాక్‌కి దొరికినవి నాలుగే: ఒక ప్రశ్న, ఒక మైక్రోస్కోప్, తనంతట తాను చూసుకునే టైమ్, పేపర్ మీద పేరు. సర్టిఫికెట్ కాదు. మీరూ సమ్మర్‌లో ఎక్కడైనా చేరేముందు ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి.