పిచ్చిదన్న మాట

మన రాయలసీమ పల్లెల్లో ‘మనాది’ అని ఒక మాటుంది. మనోవ్యాధి అన్న పెద్ద మాటే నోళ్లలో నలిగి నలిగి అట్లా అయింది. “ఆయమ్మికి మనాది పట్టుకుందంట, చిక్కి సగమైపోయింది” అంటారు. ఎంత బాగుందో చూడండి! మనసులో పుట్టింది ఒంట్లో కనబడుతుందన్న సంగతంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. బెంగ, దిగులు, పరధ్యానం, గాలి సోకడం... మాటలకేం కరువు లేదు మనకు. ఇప్పటి పిల్లలు టెన్షననీ, స్ట్రెస్సనీ, డిప్రెషననీ ఇంకో మూడు చేర్చారు. అయితే వీటన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టే మాట ఇంకొకటుంది. పిచ్చి. ఒక మనిషిని, అందులోనూ ఆడమనిషిని, “అదా, పిచ్చిది” అనేశాక ఇంక ఆమె చెప్పేది ఎవరూ వినక్కర్లేదు. జవాబు చెప్పే బాధ కూడా తప్పుతుంది.

ఆ మాట పడ్డవాళ్లలో మనందరికీ తెలిసిన ఆవిడ ఒకరున్నారు. తరిగొండ వెంగమాంబ.

తిరుమల కొండ మీద అన్నప్రసాదం తిన్నవాళ్లందరికీ ఆ పేరు పరిచయమే. 2011లో ప్రారంభమైన ఆ పెద్ద భోజనశాలకు ఆవిడ పేరే పెట్టారు. రాత్రి స్వామివారి ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాలహారతి కూడా ఆవిడ పేరు మీదిదే. కానీ ఆవిడ బతుకు మొదలైంది ఇంత మర్యాదగా కాదు. పాత చిత్తూరు జిల్లాలో, వాయల్పాడుకు దగ్గర్లో తరిగొండ. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. సుమారు 1730 ప్రాంతంలో ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది వెంగమ్మ. చిన్నప్పట్నుంచీ గుళ్లోనే కూర్చునేది, తనలో తాను పాడుకునేది, పిలిస్తే పలికేది కాదట. ఊళ్లో ఇంకేముంది, పిల్లకు పిచ్చి అన్నారు. తండ్రి భయపడ్డాడు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రిగారనే పండితుడి దగ్గరికి పంపాడని ఆవిడ జీవితగాథల్లో చెప్తారు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని అప్పుడూ అనుకునేవాళ్లు, ఇప్పుడూ అనుకుంటున్నారు. పెళ్లి చేశారు. భర్త చిన్నతనంలోనే పోయాడు.

ఆ కాలంలో, ఆ ఇళ్లల్లో, మొగుడు పోయిన పిల్లకు ఏం చేసేవాళ్లో నేను రాయనక్కర్లేదు. వెంగమ్మ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకు చావు లేదు, కనుక నా జుట్టూ నా బొట్టూ నావే అంది. ఇంకోసారి పిచ్చిదన్నారు. ఈసారి ఆ మాటలో కోపం కూడా కలిసింది. చివరికి ఊరొదిలి తిరుమల చేరితే అక్కడా పోరు తప్పలేదు. పక్కింటాయన ఎంగిలి విస్తరాకులు గోడ మీంచి ఆవిడ పెరట్లో వేయించేవాడని ఒక కథ ఉంది. పీఠాధిపతులతో వాదం సంగతేమో గానీ, ఈ విస్తరాకుల కథ మాత్రం నాకు నమ్మబుద్ధవుతుంది. పక్కింటివాళ్లతో కాపరం చేసినవాళ్లెవరికైనా అంతే. కొన్నాళ్లు ఆవిడ జనానికి దూరంగా తుంబురుకోనకు వెళ్లిపోయింది. 1817 దాకా బతికింది. సమాధి తిరుమలలోనే ఉంది.

మరి ఆవిడకు నిజంగా ఏదైనా జబ్బుండేదా? రాసిన పుస్తకాలు చూస్తే అట్లా తోచదు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, రాజయోగసారం, యక్షగానాలు, శతకం... చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్చుకోలేదని తానే చెప్పుకున్న మనిషి ఇన్ని రాసింది. యతి తప్పకుండా వేల పంక్తులు నడిపిన బుద్ధిని చెదిరిన బుద్ధి అనడం కష్టం.

వాటిలో ఒక పుస్తకం దగ్గర నేను ఆగిపోతాను. వాసిష్ఠ రామాయణం. సంస్కృతంలోని యోగవాసిష్ఠాన్ని ఆవిడ ద్విపదలో తెలుగు చేసింది. ఆ కథ ఎట్లా మొదలవుతుందో తెలుసా? రాముడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు. తీర్థయాత్ర చేసి ఇంటికొచ్చాడు. వచ్చినప్పట్నుంచీ పిల్లాడి వాలకం మారిపోయింది. తిండి సయించదు. ఆటపాటలు అక్కర్లేదు. చెంపన చెయ్యి పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటాడు. పలకరిస్తే పలకడు. ఒళ్లు చిక్కిపోయింది. దశరథుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏమైంది నాయనా అని అడిగితే, ఏమీ లేదు నాన్నా అంటాడు. ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న తల్లులు ఈ వర్ణన ఎక్కడో చూసినట్టుందే అనుకుంటారు. ఇంతలో విశ్వామిత్రుడు యాగరక్షణకు రాముణ్ని పంపమంటూ వచ్చాడు. సేవకులు పిల్లాడి స్థితి ఉన్నదున్నట్టు చెప్పారు. రాముణ్ని సభకు పిలిపించారు. అప్పుడతను మనసు విప్పాడు. ఈ బతుకేమిటి, డబ్బేమిటి, ఈ ఒళ్లేమిటి, దేనిమీదా నాకు ఇష్టం పుట్టడం లేదే అని ఎంతోసేపు చెప్పుకొచ్చాడు. నిండు సభ కదలకుండా వింది. వసిష్ఠుడు కసురుకోలేదు, తాయెత్తు కట్టలేదు, పెళ్లి చేసేయమనలేదు. రోజుల తరబడి కథలు చెప్తూ, అడిగినదానికల్లా జవాబిచ్చాడు.

మన ఋషులకు సైకియాట్రీ అంతా అప్పుడే తెలుసనే రకం మాటలు నాకు గిట్టవు. అది వేదాంత గ్రంథం. రాముడి దిగులును జబ్బుగా చూడలేదు, జ్ఞానానికి తొలిమెట్టుగా చూసింది. నన్ను ఆపేది వేరే సంగతి. నిండు సభ ఒక పిల్లాడి దిగులును ఓపిగ్గా విన్న కథను తెలుగులోకి తెచ్చుకున్నది, తరిగొండలో ఎవరూ వినని ఆడమనిషి. అదే గ్రంథంలో సంస్కృతంలో చూడాల అనే రాణి కథ వస్తుంది. ఆవిడ తన మొగుడికే గురువవుతుంది. మనసు బాధ ఆధి, ఒంటి బాధ వ్యాధి, మొదటిదాంట్లోంచి రెండోది పుడుతుందనే వివరం ఆ కథ మధ్యలోనే ఉంది. మన ‘మనాది’ వెనకున్న ఆలోచనా అదే.

కొండ కింద తిరుపతిలో ఇంకో దారి ఉంది. ఏటా వేసవిలో గంగమ్మ జాతర. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందనీ, దొర వేషంలో వాణ్ని చంపిందనీ కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... ఆ వేషాలన్నీ ఇప్పటికీ కడతారు. మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. మిగతా సంవత్సరమంతా నోటికి రాకూడని తిట్లు ఆ రోజుల్లో వీధిలో వినబడతాయి. పూనకం వచ్చిన ఆడవాళ్ల మాట పెద్దలు చేతులు కట్టుకుని వింటారు. నిన్నటిదాకా గడప దాటి మాట్లాడని కోడలు ఆ పూట అత్తను నిలదీసినా తప్పు లేదు, మాట్లాడేది అమ్మవారు కదా! కుక్కరుకు విజిలున్నట్టు ఊరికి జాతర. కాకపోతే, విజిలు వచ్చినంత మాత్రాన పొయ్యి మీది మంట తగ్గదు.

పిచ్చివాళ్లని పిలిపించుకున్న వాళ్లందరూ వెంగమాంబలు కారు. నిజంగా జబ్బు పడ్డవాళ్లుంటారు, చెవిలో మాటలు వినబడేవాళ్లు, బాలింతగా బిడ్డను చూసి ఊరికే ఏడ్చేవాళ్లు. వాళ్లకు కావలసింది వైద్యం. ఇంగ్లీషువాళ్లు 1858లో దీనికో చట్టం చేశారు. 1871లో మద్రాసు కీల్పాకులో పెద్ద ఆశ్రమం కట్టారు. విశాఖపట్నం ఆస్పత్రి పుట్టుక కూడా ఆ రోజులదే. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మెజిస్ట్రేటు ఉత్తర్వు మీద మనిషిని గోడల వెనక్కి పంపేవాళ్లు. ఇంటివాళ్లు గోడకు ఇవతలే ఉండిపోయేవాళ్లు. తిరిగొస్తే సరే, రాకపోతే ఆ పేరు ఇంట్లో ఎత్తేవాళ్లు కాదు.

ఆ గోడను పక్కకు జరిపిన చోటు మనకు కూతవేటు దూరంలోనే ఉంది. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో వెల్లూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్లు 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం పెట్టారు. మొదలుపెట్టింది ఫ్లోరెన్స్ నికల్స్ అనే డాక్టరమ్మ. రోగి వెంట ఇంటిమనిషి కూడా అక్కడే ఉండాలి. వండుకోవాలి, మందులు వేయడం నేర్చుకోవాలి, డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. అమృతసర్లో విద్యాసాగర్ గారనే డాక్టరు అంతకు కొంచెం ముందే ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను ఉంచాడు. ఇంటివాళ్లు దగ్గరుంటే జబ్బు సంగతీ తెలుస్తుంది, జబ్బుకు ఎరువేసిన ఇంటి సంగతీ తెలుస్తుంది. రెండోదాన్ని వినడానికి అత్తగార్లకూ మొగుళ్లకూ కష్టంగానే ఉండి ఉంటుంది.

అట్లాగని అన్నిచోట్లా గోడలు పడిపోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మొక్కుల పేరుతో గొలుసులు వేసి ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. గొలుసులుండబట్టి పరుగెత్తలేకపోయారు. 2018 మే నుంచి అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు కట్టడాన్ని నిషేధించింది. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషిని నేరస్థుడిగా చూడకుండా, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలంది. ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా అందులో ఉంది.

2022 అక్టోబరు నుంచి టెలిమానస్ అని ప్రభుత్వం ఒక ఫోను నడుపుతోంది. నంబరు 14416. డబ్బు తీసుకోరు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. వంటింటి క్యాలెండరు మీద పాల లెక్క పక్కన రాసి పెట్టుకోండి.