హైదరాబాదు వరదనీటి నాలాలు

హైదరాబాదు వరదనీటి నాలాలు అనగా తెలంగాణ రాజధాని హైదరాబాదులో కురిసిన వాననీటిని చెరువులకు, వాటి నుండి మూసీ నదికి చేర్చే కాలువలు. వీటిలో కొన్ని సహజమైన వాగులు, కొన్ని ఎగువ చెరువు అలుగు నుండి దిగువ చెరువుకు నీరు పారే దారులు, మరికొన్ని తరువాతి కాలంలో కట్టబడినవి. వాననీటి కొరకు ఉద్దేశించిన ఈ కాలువలలో ఏడాది పొడవునా మురుగునీరు కూడా పారుతున్నది. అందువలన నగరంలో వరదల సమస్య, చెరువుల నీటి నాణ్యత సమస్య విడదీయరానివైనవి.

నైసర్గిక స్వరూపం

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, గ్రానైటు శిలలతో కూడిన ఎగుడుదిగుడు నేలపై ఉన్నది. రాతినేలలో నీరు తక్కువగా ఇంకుతుంది. వాననీరు పల్లానికి వేగంగా పరుగెడుతుంది. పూర్వులు ఈ నీటిని నిలుపుటకు గొలుసుకట్టు చెరువులు నిర్మించిరి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువనున్న చెరువుకు చేరేది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 16వ శతాబ్దంలో నిర్మించబడిన హుస్సేన్ సాగర్ వీటిలో ప్రసిద్ధమైనది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఇందులో కలుస్తాయి. దీని మిగులు నీరు అశోక్‌నగర్, నల్లకుంట ప్రాంతాల మీదుగా మూసీకి చేరుతుంది.

1908 వరద, విశ్వేశ్వరయ్య సూచనలు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలాది ప్రజలు మరణించిరి. మృతుల సంఖ్య సుమారు 15,000 అని సాధారణంగా చెప్పబడుతున్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా, వాటిలో 221 చెరువులు ఆ వరదలో తెగినవని ఆయన లెక్కకట్టెను. ఒక చెరువు కట్ట తెగినచో ఆ నీరంతా దిగువ చెరువుపై పడి దానిని కూడా తెంపుతుంది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించవలెనని, నగరంలో మురుగునీటికి ప్రత్యేక వ్యవస్థ ఉండవలెనని ఆయన సూచించెను. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మాణం పూర్తయినది. వరద నివారణ, మురుగు తొలగింపు ఒకే ప్రణాళికలో ఆలోచించబడుట ఇందలి విశేషం.

తరువాతి వరదలు

నగరం విస్తరించిన కొలది చెరువుల శిఖం భూములలో కాలనీలు వెలసినవి, నాలాల వెడల్పు తగ్గినది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి లోతట్టు ప్రాంతాలు మునిగినవి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన భారీ వర్షానికి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు కట్ట తెగి ప్రాణనష్టం జరిగినది. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి పాతబస్తీలోని పలు కాలనీలు జలమయమైనవి. 1908లో కనిపించిన గొలుసుకట్టు ప్రమాదమే ఇక్కడ చిన్న పరిమాణంలో కనిపించినది. మూతలేని నాలాలలో పిల్లలు పడి మరణించిన సంఘటనలు కూడా కలవు.

నీటి నాణ్యత

నాలాలలోనికి కాలుష్యం మూడు విధములుగా చేరుతుంది. మొదటిది, భూగర్భ మురుగు కాలువలు లేని, లేదా చాలని ప్రాంతాల ఇళ్ళ నుండి వచ్చే మురుగు. రెండవది, పరిశ్రమల వ్యర్థజలం. జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా ద్వారా హుస్సేన్ సాగర్‌కు చేరినవి. మూడవది, తొలకరి వానలకు రోడ్లపై నుండి కొట్టుకువచ్చే నూనె, దుమ్ము, చెత్త. మురుగులోని నత్రజని, భాస్వరం వలన గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి. అవి కుళ్ళినపుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. చెత్త, పూడిక వలన నాలా లోతు తగ్గి, మరుసటి వానకు నీరు వీధులలోనికి పొంగుతుంది.

వేసవిలో నాలా మురుగును మళ్ళించి శుద్ధి కేంద్రాలకు పంపవచ్చును. భారీ వాన కురిసినపుడు మాత్రం వాననీరు, మురుగు కలిసి శుద్ధి కేంద్రం సామర్థ్యాన్ని మించిపోతాయి. అప్పుడు మిగిలినది శుద్ధి కాకుండానే చెరువుకు, మూసీకి చేరుతుంది.

నివారణ చర్యలు

తాగునీరు, మురుగునీటి వ్యవహారాల కొరకు 1989లో హైదరాబాదు జలమండలి ఏర్పడినది. వాననీటి నాలాల బాధ్యత నగరపాలక సంస్థది. ఒకే కాలువలో పారే నీటికి ఇద్దరు యజమానులుండుట వలన సమన్వయం కష్టమైనది. 2021లో నాలాల విస్తరణకు వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైనది. అదే ఏడాది 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాల నిర్మాణానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. 2024 జూలైలో చెరువుల, నాలాల ఆక్రమణలను తొలగించు బాధ్యతతో హైడ్రా అను సంస్థ ఏర్పడినది. ఆక్రమణల తొలగింపును సమర్థించువారు దిగువ కాలనీల భద్రతను చూపగా, ఇళ్ళు కోల్పోయినవారు తమ వద్దనున్న రిజిస్ట్రేషన్, అనుమతి పత్రాలను చూపి న్యాయస్థానాలను ఆశ్రయించిరి.

నాలాను వెడల్పు చేయుట వలన వరద ముప్పు తగ్గును గాని నీరు శుభ్రపడదు. శుద్ధి కేంద్రం కూడా తన వద్దకు చేరిన మురుగునే శుభ్రపరచగలదు. ప్రతి ఇంటి మురుగు నాలాకు కాక మురుగు కాలువకు కలిపినపుడే ఈ రెండు పనులకు పూర్తి ఫలితం లభిస్తుంది.