మన ఊరి ఆట పేపర్ల రావాలంటె

"అన్నా, మా ఊర్ల ఒగ్గు కథ అయితుంది, జర రాయరాదే" అని గోదావరిఖని రిపోర్టర్‌కు ఫోన్ జేస్తే "చూద్దాం తమ్మీ" అంటడు. అంతే సంగతి. ఆయన చెడ్డోడని గాదు. చాలామంది మండల విలేకర్లకు నెల జీతమే ఉండది. పొద్దంత బాయి ప్రమాదం, యూనియన్ ధర్నా వెంట ఉరికి, సాయంత్రానికి డెస్క్‌కు వార్త పంపాలె.

అయినా సందు ఉన్నది. 1989ల ఈనాడు జిల్లా పేజీలు మొదలువెట్టినంక తెలుగు పేపర్లు ఊరి వార్తల మీద బతుకుడు నేర్చినయి. ఆ పేజీలు రోజూ నిండాలె.

"ఒగ్గు కథ ఉన్నది" అంటే సమాచారం. "ఓపెన్‌కాస్ట్ కింద ఊరు పోయింది, మంది చెదిరిండ్రు, అయినా బీరప్ప పండుగకు ఒక్కకాడికొచ్చి కథ చెప్పిచ్చుకుంటున్నరు" అంటే వార్త. తట్ట, చెమ్మస్ పట్టిన ఫిల్లర్ తాత చిరుతల రామాయణంల రాముని వేషం కట్టేటోడంటే అదీ వార్తనే. ఏం మారింది, ఎవలకు మారింది, మొదటి నాలుగు లైన్లల్ల చెప్పుండ్రి. కళాకారుని వయసు, ఎవల దగ్గర నేర్చుకున్నడు, ఎన్నేండ్ల సంది ఆడుతున్నడు రాసియ్యిండ్రి. ఫోన్ నంబరు ఆయన్ను అడిగినంకనే.

ఫొటో సంగతి. ఓరుగల్లు బిడ్డ భరత్ భూషణ్ (2022ల పోయిండు) తీసిన బతుకమ్మ, పల్లె ఫొటోలు ఒకపారి చూడుండ్రి. శాలువా కప్పి వరుసగ నిలవెట్టిన ఫొటో ఎవలకు గావాలె? డోలు మీద చెయ్యి, గజ్జె కడుతున్న కాలు, నోరు దెరిచి చూస్తున్న పిల్లగాడు, గివి తియ్యిండ్రి. వాట్సాప్‌ల మామూలుగ పంపితే ఫొటో పలచనైతది, డాక్యుమెంట్ లెక్క పంపాలె. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగ తీసిన ఫొటో మీద మొదటి హక్కు తీసినోనిదే, తీసినోడు బతికున్నన్ని దినాలు, ఆయన పోయినంక ఇంకో 60 ఏండ్ల దాక ఉంటది. గందుకే ఫొటో కింద పేరెయ్యమని మొకమాటం లేకుంట అడుగుండ్రి. బాయిలకు మాత్రం ఫోన్ కొంచవోవద్దు. మీథేన్ గ్యాస్ ఉన్నకాడ ఒక్క నిప్పురవ్వ సాలు.

వార్త ఏసుటానికి ఎవలన్న పైసలడిగితే ఇయ్యకుండ్రి, ఇంకో పేపరోన్ని పట్టుకోండ్రి.

బతుకమ్మకో, డిసెంబర్ 23 సింగరేణి దినానికో పది దినాల ముందుగాలనే చెప్పాలె. పండుగనాడు చెప్తే పేజీ అప్పటికే నిండిపోతది. అచ్చైనంక పేరు, ఊరు సరిగ్గ పడ్డయా చూసి, కటింగు రెండు జిరాక్సులు దీసి కళాకారుని చేతిల వెట్టుండ్రి. రేపు పింఛన్‌కు దరఖాస్తు వెట్టినప్పుడు చూపెట్టుకునేతందుకు ఆయన దగ్గర గా కాయితం ఒక్కటే ఉండొచ్చు.