ఇంకో చిలుకూరు, ఇంకో అనంతగిరి, కొన్ని బండ్ల బాటలు

చిలుకూరు అనగానే మన ఐటీ వాళ్ళకి ఠక్కున గుర్తొచ్చేది వీసా బాలాజీ. మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. అలాగే అనంతగిరి అంటే వికారాబాద్ కొండలు, శనాదివారాల్లో గేర్ల సైకిళ్ళు కార్ల వెనక కట్టుకుని వెళ్ళే చోటు.

కానీ ఇంకో చిలుకూరు ఉంది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళే దారిలో. దానికి దగ్గర్లోనే ఇంకో అనంతగిరి కూడా ఉంది! ఈ టపా వీటి గురించి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే వీటి చుట్టూ ఉన్న మట్టిదారుల గురించి.

ముందు ఓసారి అమెరికా వెళ్ళొద్దాం. మౌంటెన్ బైకింగ్ పుట్టింది కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో అంటారు. 1976 అక్టోబరులో కొంతమంది కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని ఒక కొండ మీంచి కిందికి పందెం పెట్టుకున్నారు. కిందికి చేరేసరికి బ్రేకుల్లోని గ్రీజంతా కాలి పొగైపోయేది, మళ్ళీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందెానికి 'రీప్యాక్' అని పేరు. మరుసటి ఏడు, అంటే 1977లో, జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు.

ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే. వాళ్ళు కొత్తగా దారులేమీ వెయ్యలేదు. రీప్యాక్ దారి అడవి మంటలు ఆర్పడానికి వేసిన మట్టిరోడ్డు. అక్కడే టమల్‌పయస్ కొండ మీది బాట అయితే 1896లో వేసి 1930లో మూసేసిన రైలుమార్గం. ఎవరో ఎందుకో వేసిన దారిని ఇంకెవరో ఇంకెందుకో వాడుకున్నారు, అంతే.

మరి మన వైపు? దారులకి కొదవేముంది! 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి సరుకు నడిచింది ఈ ప్రాంతం మీదుగానే. ఇంకా వెనక్కి వెళితే సూర్యాపేట అవతల నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. సుమారు 2000 ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం, కొండ మీద. దక్కను నుంచి తూర్పు తీరానికి పోయే వర్తకుల దారి పక్కన. అక్కడ 2024లో తవ్వితే ఒకే కుండలో ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు 3,730 దొరికాయి. డబ్బు ఊరికే కొండెక్కదు కదా, దారి ఉండబట్టే ఎక్కింది. (మీరు వెళితే సైకిలు కొండ కిందే పెట్టి నడవండి. అది శిల్పాలున్న చోటు, రేసు ట్రాకు కాదు.)

దగ్గరి చరిత్రకొస్తే మునగాల పరగణా ఉంది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా ముక్క. 1947-48లో రజాకార్ల దెబ్బకి ఇళ్ళొదిలి కృష్ణా జిల్లా వైపు పోయిన జనానికి తెలిసిన అడ్డదారులూ ఈ డొంకలూ బండ్ల బాటలే.

తర్వాత సాగర్ వచ్చింది. 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలవ నేల వాలు చూసుకుంటూ ఒంపులు తిరుగుతూ వస్తుంది కాబట్టి దాని కట్ట మీద సైకిలు తొక్కడం హాయి. కానీ అదే నీళ్ళతో భూమి విలువ పెరిగింది. బండ్ల బాటకి ఇవతలి రైతు ఏడాదికో సాలు, అవతలి రైతు ఏడాదికో సాలు కలుపుకుంటే, రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకున్న బాట ఇప్పుడు గట్టులా మిగిలింది. కొన్ని చోట్ల అదీ లేదు. రైతునే తిట్టి లాభం లేదు, ఎడ్ల బండ్లు పోయాక ఆ బాట కావాలని అడిగినవాళ్ళెవరు?

బ్రిటన్‌లో ఇదే సమస్య వస్తే 1949లో చట్టం చేసి, పాత కాలిబాటలూ గుర్రపు బాటలూ అన్నీ మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలెట్టారు. 1968లో ఇంకో చట్టంతో ఆ గుర్రపు బాటల మీద సైకిళ్ళకి హక్కిచ్చారు. మన దగ్గర మ్యాపులు లేక కాదు. గ్రామ నక్షాలో బండ్ల బాటలు గీసే ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ ఉంది, కోడే డిలీట్ అయిపోతోంది.

అందుకే నాదొక మనవి. జీపీఎస్‌లో రూటు గీసి స్నేహితులకి పంపే అలవాటున్నవాళ్ళు, ఈసారి మీ ఊరెళ్ళినప్పుడు నక్షా ముందేసుకుని అందులోని బాట మీద తొక్కి చూడండి. ఎక్కడిదాకా వెళ్ళగలిగారో, ఎక్కడ ఆగిపోయారో రాసిపెట్టండి. ఊళ్ళో పెద్దవాళ్ళని ఆ బాట ఎక్కడికి పోయేదో అడగండి. వాడే మనిషి లేని దారికి హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఎద్దులు పోయాయి సరే, కనీసం మన సైకిళ్ళయినా తిరగాలి కదా. ఏమంటారు?